డబ్లిన్‌లో ధాత కరువు

భారత రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలను ఏ దేశ రాజ్యాంగం నుంచి తీసుకున్నారు?

అర మార్కు బిట్టు. జవాబు ఐర్లాండ్. డీఎస్సీకి చదివేటప్పుడు ఈ బిట్టు ఎన్నిసార్లు వల్లె వేశానో లెక్కలేదు. సోషల్ టీచరునయ్యాక పిల్లలతో ఎన్నిసార్లు వల్లె వేయించానో దానికీ లెక్కలేదు. గుక్క తిప్పుకోకుండా చెప్తారు. మ్యాపులో చూపించమంటే చెయ్యి ఆఫ్రికా మీద పెడతారు. వాళ్ళననేదేముంది, నాకూ ఐర్లాండ్ అంటే ఆ అర మార్కే. ఆ దేశంలో మనుషులుంటారనీ, వాళ్ళకూ ఒక ఆకలి కథ ఉందనీ, ఆ కథలో మా అవ్వ చెప్పిన కథ కలుస్తుందనీ 2018 మే నెల దాకా నాకు తెలీదు.

మాది కర్నూలు జిల్లా పడమటి దిక్కు. ఊరని చెప్తాం గానీ మేముండేది ఊళ్ళో కాదు, మాదిగ గేరిలో. నాయన చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళోకి ప్లాస్టిక్ చెప్పులొచ్చాక ఆ పని పోయి బేల్దారి కూలికి పోయేవాడు. అమ్మ సుగ్గికి పోయేది. సుగ్గి అంటే తెలీనోళ్ళకు చెప్పాలి. వానలు ఎత్తిపోతే ఇంటికి తాళమేసి, పిల్లల్ని ముసలోళ్ళకు అప్పజెప్పి, మిరపకాయలు తెంపను గుంటూరు దిక్కు గేర్లకు గేర్లు లేచిపోవడం. అట్లా నేనూ తమ్ముడూ అవ్వ దగ్గర పెరిగాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. హాస్టలు అన్నం, స్కాలర్‌షిప్పు, అవ్వ మొండితనం, మా చదువుకు ఈ మూడే పెట్టుబడి.

అవ్వ అన్నం పెడుతూ కరువు చెప్పేది. కంచంలో మెతుకు వదిలితే చాలు, ధాత కరువు మొదలు.

"ధాత కరువులో ముందు గొడ్లు సచ్చె. సచ్చిన గొడ్డు మనదే గదా, తొలుత మనకే కడుపునిండె. మాదిగోల్లు బాగుండారని ఊరోళ్ళు కుళ్ళుకునిరి. గొడ్లైపాయ. అప్పుడు మనుసులు సచ్చేకి మొదులాయ. సర్కారోళ్ళు సెరువు కట్ట పని పెట్టిరి. మన్ను మోస్తే ఇన్ని గింజలు. మా అవ్వ పాలు తాగే పిల్లను కట్ట మింద పండబెట్టి మన్ను మోస్తాండె. పొద్దుగూకి వచ్చి సూస్తే పిల్ల సల్లగుండాది. యాడికి తీస్కపోతాది? మోసిన మన్నులోనే పూడ్సిపెట్టె. తెల్లారి మళ్ళ అదే కట్ట మింద మన్నేసె. ఎయ్యకుంటే గింజలు ల్యాకపాయ."

ఆ అవ్వకు పేరేమని అడిగితే మా అవ్వకు తెలీదు. "ముసలవ్వ అంటుంటిమి" అనేది, అంతే. ఆ కట్టను మా ఊళ్ళో ఇప్పటికీ కరువు కట్ట అనే అంటారు. చెరువు కట్టించింది ఎవరయ్యా అంటే మాత్రం ఊరి పెద్ద కులపాయన ముత్తాత పేరు చెప్తారు. మోసినోళ్ళకు పేర్లుండవు. చదువుకుంటున్నప్పుడు లెక్క వేసి చూసుకున్నాను. ధాత నామ సంవత్సరం అంటే 1876–77. మద్రాసు, బొంబాయి, మైసూరు, హైదరాబాదు సీమల్లో 50 లక్షలకు పైన మనుషుల్ని మింగిన కరువు. నేను చదివిన పుస్తకంలో అది నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లలో మా ముసలవ్వ లేదు.

తమ్ముడు ఇంజనీరింగ్ అయ్యాక బ్యాంకు లోను తీసుకుని డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చేశాడు. రాత్రిళ్ళు గోడౌన్లో పెట్టెలు మోసి చదివాడు. ఉద్యోగం దొరికిన ఏడాదే "అక్కా, ఎండాకాలం సెలవుల్లో రా, టికెట్టు నేను తీస్తా" అన్నాడు. గవర్నమెంటు ఉద్యోగి దేశం దాటాలంటే అనుమతి కావాలి. ఫైలు పట్టుకుని తిరిగిన ఒక ఆఫీసులో గుమస్తా నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఐర్లాండ్‌లో నీకేం పనమ్మా?" అన్నాడు. మా హెడ్మాస్టరుకైతే ఆ ప్రశ్న వేసేవాడు కాదు. "ఆదేశిక సూత్రాలు చూసొస్తాను సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సంతకం మాత్రం ఆలస్యంగానే అయినా పడింది.

డబ్లిన్‌లో మొదటి రోజు తమ్ముడు ఆఫీసు చూపిస్తానని నది ఒడ్డుకు తీసుకుపోయాడు. అద్దాల మేడలు. వాటి ముందు నది గట్టు మీద ఎముకల గూడు లాంటి కంచు మనుషులు నడుస్తున్నారు. ఒకడి భుజాల మీద వేలాడుతున్న ఇంకో ప్రాణం. గుండెలకు మూటలు హత్తుకున్న ఆడమనుషులు. వెనకనే ఒక కుక్క. రోవన్ గిలెస్పీ అనే శిల్పి చేసిన కరువు బొమ్మలవి. 1997 నుంచి అక్కడున్నాయి. ఓడెక్కి దేశం విడిచిపోను రేవుకు నడుస్తున్నారు.

"రోజూ వీళ్ళ పక్కనుంచే పోతా అక్కా" అన్నాడు తమ్ముడు.

"వీళ్ళెవరో ఎప్పుడైనా అడిగినావా?"

"ఏదో కరువంట."

నాకు అమ్మ సుగ్గికి పోయేటప్పుడు లారీ కాడ నిలబడే తీరు గుర్తొచ్చింది. మూట అట్లాగే పట్టుకునేది. అది చెప్తే వాడు మాట మార్చాడు.

ఆ బొమ్మల గురించి అడుగుతూ పోతే డబ్లిన్ కోటలో కరువు చిత్రాల ప్రదర్శన జరుగుతోందని తెలిసింది. అమెరికాలో కనెటికట్‌లోని క్విన్నిపియాక్ యూనివర్సిటీ వాళ్ళు ఐర్లాండ్ మహా కరువు మీద బొమ్మలు కూడబెట్టి మ్యూజియం పెట్టారు. ఆ మ్యూజియం తర్వాత 2021లో మూతపడింది గానీ, 2018లో ఆ బొమ్మలను సముద్రం దాటించి సొంతదేశానికి తెచ్చారు. 'ఇంటికి రాక' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. డబ్లిన్ తర్వాత స్కిబ్బరీన్‌కూ డెర్రీకీ పోయింది. స్కిబ్బరీన్ అంటే ఆ కరువులో గుంటల కొద్దీ శవాలు పూడ్చిన ఊరు.

కోట సంగతీ చెప్పాలి. ఏడొందల ఏళ్ళు ఇంగ్లీషు పాలన నడిచింది ఆ కోటలోంచే. 1922 జనవరి 16న దాన్ని ఐరిష్ వాళ్ళకు అప్పజెప్పారు. కరువు నాడు గింజలు ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు అని కాయితాలు నడిచిన చోటే ఇప్పుడు కరువు బొమ్మలు తగిలించారు. మా ఊరి రెడ్డి ఇంటి నడవలో మా ముసలవ్వ బొమ్మ తగిలించినట్టనిపించింది.

ఈ కరువు గురించి తెలిసింది చెప్తాను. మా పిల్లలకు చెప్పినట్టే చెప్తాను.

1841 లెక్కల్లో ఐర్లాండ్ జనం 81 లక్షలు. భూమి జమీందార్లది. కింద కౌలుదార్లు, వాళ్ళ కింద గుంటెడు నేలకు వెట్టి చేసే కూలీలు. పండిన గోధుమా ఓట్సూ దొరకు బాడిగ కిందికి పోతాయి. కూలోడి కడుపుకు ఆలుగడ్డ ఒక్కటే. 1845లో ఆలుగడ్డకు తెగులొచ్చింది. తవ్వితే గడ్డ నల్లగా కుళ్ళి కంపు కొట్టేది. తర్వాతి ఏడు ఇంకా పోయింది. ఒక్క పంట పోయిందంతే. మిగతా పంటలు పండుతూనే ఉన్నాయి. కరువు నడుస్తుండగానే ధాన్యం, వెన్న, పశువులు ఇంగ్లండుకు ఓడలెక్కాయి. 1851 నాటికి జనం 65 లక్షలు. పది లక్షలమంది చనిపోయారు, పది లక్షలకు పైన దేశం విడిచిపోయారు. ఆ దీవి జనాభా ఇప్పటికీ 1841 నాటి సంఖ్యను చేరలేదు.

సర్కారు ఏం చేసింది? పని చేస్తే కూలిస్తామని రోడ్లు వేయించింది. ఎక్కడికీ పోని రోడ్లు, బీడు మధ్యలో మొదలై బీడు మధ్యలోనే ఆగిపోయే రోడ్లు. 1847 ఎండాకాలంలో గంజి కేంద్రాలు పెట్టి రోజుకు 30 లక్షలమందికి పోసింది. అంటే తలుచుకుంటే పోయగలదని రుజువైంది. ఆకురాలు కాలం నాటికి వాటిని మూసేసింది. పైగా పావు ఎకరానికి మించి నేలున్నవాడికి సాయం లేదని చట్టం చేసింది. ఉన్న చెక్క వదులుకుంటే గంజి, లేకుంటే చావు. చెక్క వదిలినవాడి గుడిసె మర్నాడు కూలగొట్టేవారు. ఆ నేలలన్నీ కలిపి పెద్ద కమతాలు చేసుకున్నది దొరలొక్కరే కాదు, బతికిబట్టకట్టిన పెద్ద రైతులు కూడా. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. కరువు అందరికీ వస్తుంది అంటారు. అందరికీ రాదు. అన్నిటికంటే కింద ఉన్నోడికి ముందొస్తుంది. వాడు పోయాక ఖాళీ అయిన జాగా పైనున్నోడికి కలిసొస్తుంది. తర్వాత ఆ పైనున్నోడి మనవడే 'మన కరువు' అని కన్నీళ్ళు పెడతాడు. 'రాయలసీమ కరువు' అని మైకులో మాట్లాడే మా పెద్ద కులాల నాయకులు నాకు అక్కడ గుర్తొచ్చారు.

ఇంత చావు జరిగితే ఆ రోజుల్లో గీసిన నూనెరంగుల బొమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. కార్క్ ఊరివాడు డేనియల్ మెక్‌డొనాల్డ్ 1847లో ఒకటి గీసి లండన్‌లో పెట్టాడు. పాతరలో దాచుకున్న ఆలుగడ్డలు కుళ్ళిపోయాయని కనుక్కున్న కుటుంబం. అది డబ్లిన్‌లోనే ఒక యూనివర్సిటీ దగ్గరుంది. నేను పుస్తకంలో చూశాను. మిగతావాళ్ళెందుకు గీయలేదు? బొమ్మ గీయాలంటే కొనేవాడు కావాలి. కొనేవాడు జమీందారు. తన కౌలుదారు శవం బొమ్మను తన హాల్లో ఎవడు తగిలించుకుంటాడు? ప్రదర్శనలో పాల్ హెన్రీ అనే ఆయన చాలా ఏళ్ళ తర్వాత గీసిన పడమటి ఐర్లాండ్ బొమ్మ ఉంది. నీలం కొండలు, తెల్లటి గోడల గడ్డి ఇళ్ళు. ఎంతో అందం. ఇళ్ళున్నాయి, మనుషుల్లేరు. ఈయన బొమ్మలు రైల్వేవాళ్ళ పోస్టర్లకెక్కి యాత్రికుల్ని పిలిచాయి. ఆ ఇళ్ళలోని మనుషులేమయ్యారో పోస్టరు చెప్పదు.

ధాత కరువుకు కూడా బొమ్మలున్నాయి. అప్పుడే కెమెరా వచ్చింది. మద్రాసు సైన్యంలో ఆఫీసరు హూపర్ అనే తెల్లాయన మన కరువు జనాన్ని గుంపులు గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. డొక్కలు, మోకాలి చిప్పలు, గుంటకళ్ళు. ఒక్కరికీ పేరు లేదు. ఆ ఫోటోలు దొరికినప్పుడు మా ముసలవ్వ ఉందేమోనని వెతికాను. ఎట్లా గుర్తుపడతాను? ఏ ముఖమైనా మా అవ్వ ముఖం లాగే ఉంది. ఎదురుగా నిలబడి ఫోటో తీసినాయన వాళ్ళ నోట్లో ఒక ముద్ద పెట్టాడా అని ఆ రోజుల్లోనే జనం తిట్టుకున్నారు.

ఇది మనసులో పెట్టుకుని లోపలికి పోయాను. తమ్ముడికి ఆఫీసుంది, ఒక్కదాన్నే. బొమ్మల ప్రదర్శన చూడడం నాకదే మొదలు. ఎంతసేపు నిలబడాలో, ఎంత దూరంలో నిలబడాలో తెలీదు. పక్కవాళ్ళను చూసి నిలబడ్డాను. మా గేరిలో నాకు తెలిసిన బొమ్మలు రెండే. ఇళ్ళల్లో ఏసుప్రభువు క్యాలెండరు, గేరి మొగదాల నీలం కోటు అంబేద్కరు.

లిలియన్ డేవిడ్సన్ అనే ఆమె 1946లో గీసిన బొమ్మ దగ్గర ఆగిపోయాను. బొమ్మ పేరు 'గోర్తా'. ఐరిష్ భాషలో ఆకలి అని, కరువు అని. చనిపోయిన పసిబిడ్డను పూడ్చను వచ్చిన కుటుంబం. పీక్కుపోయిన మొహాలు. గుంటలు పడ్డ కళ్ళు. ఏడుపు లేదు. ఏడవడానికి కావలసిన సత్తువ కూడా లేదు.

మా అవ్వ చెప్పింది నేను ఎన్ని వందలసార్లు విన్నానో. విన్నప్పుడల్లా కట్ట కనపడేది, మన్ను కనపడేది, ముసలవ్వ మొహం మాత్రం కనపడేది కాదు. అక్కడ కనపడింది. తెల్లతోలు మొహమే, వేరే దేశం మొహమే. అయినా ముసలవ్వే.

మనలో ఒక మాటుంది. అనుభవించినోడు రాస్తేనే అది నిజం, మిగతాది సానుభూతి అని. ఆ మాట నేనూ చాలా సభల్లో చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాను, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ డేవిడ్సన్ 1879లో పుట్టింది, ఆ కరువు చూడలేదు. కరువుకు నూరేళ్ళు నిండేటప్పుడు గీసింది. మరి హూపర్ ఫోటో ముందు నాకు సిగ్గు ఎందుకేసింది, ఈమె బొమ్మ ముందు ఏడుపు ఎందుకొచ్చింది? చాలా రోజులు ఆలోచించాను. హూపర్ వాళ్ళను చూపించాడు. ఈమె వాళ్ళ పక్కన నిలబడింది. జాలిపడమని ఆ బొమ్మ నన్ను అడగలేదు. చూడు, ఇది జరిగింది అంది, అంతే.

నేను ఏడుస్తున్నానని నాకు తెలీలేదు. అక్కడ కాపలా ఉండే పెద్దామె కుర్చీ తెచ్చి వేసింది. ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. మీ దేశంలోనూ ఇట్లా జరిగిందా అంది. నా ఇంగ్లీషు క్లాసులో పాఠానికి సరిపోతుంది, దుఃఖానికి సరిపోదు. మా అవ్వకు అవ్వ, బిడ్డ, చెరువు కట్ట అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నా కులం ఆమెకు తెలీదు. తెలిసినా ఆ చెయ్యి అక్కడే ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో పక్క గోడనంతా ఆక్రమించిన బొమ్మ. మూడు మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. పేరు 'బ్లాక్ 47'. 1847ను వాళ్ళు నల్ల నలభై ఏడు అంటారు. గీసినాయన మైకేల్ ఫారెల్. 1997–98లో, తన చావుకు రెండేళ్ళ ముందు గీశాడు. అది కోర్టు. బోనులో ఒక దొర నిలబడ్డాడు. చనిపోయినవాళ్ళు గుంటలోంచి లేచి వస్తున్నారు, సాక్షులు వాళ్ళే. బోనులో ఉన్నది ఛార్లెస్ ట్రెవెల్యన్. కరువు నాడు లండన్ ఖజానా శాఖలో పెద్ద అధికారి. సాయం మూట ముడి ఆయన చేతిలో ఉంది. కరువు దేవుడి ఏర్పాటు అని నమ్మినవాడు, ఎక్కువ పెడితే జనం సోమరులవుతారని నమ్మినవాడు.

అట్లాంటి విచారణ ఎప్పుడూ జరగలేదు. జరిగిందేమంటే 1848లో ఆయనకు సర్ బిరుదిచ్చారు. బొమ్మ గీసినాయన నూటయాభై ఏళ్ళ తర్వాత తన గుడ్డ మీద కోర్టు పెట్టాడు.

ట్రెవెల్యన్ పేరు ఎక్కడో చదివానని ఆ మధ్యాహ్నమంతా మనసులో పీకుతూనే ఉంది. రాత్రి తమ్ముడి లాప్‌టాప్‌లో వెతికితే దొరికింది. 1859–60లో మద్రాసు గవర్నరు. మా కర్నూలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. బోనెక్కాల్సిన మనిషి మా తాతముత్తాతల మీద గవర్నరయ్యాడు. 1877 నాటికి ఆయన మద్రాసులో లేడు, నిజమే. మనిషి పోయినా పద్ధతి ఉంది. ధాత కరువులో ఖర్చు తగ్గించను వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర కూలి ఎంతన్నాడో తెలుసా? మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా కాదు. ఆ గింజలు తిని మన్ను మోయాలి. అదే జనవరి ఒకటిన ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుతూ దర్బారు జరిగింది. ధాన్యం ఎగుమతులు ఆగలేదు. ఐర్లాండ్‌లో ఎక్కడికీ పోని రోడ్లు, మా దగ్గర కరువు కట్టలు. పాఠం ఒకటే, బ్లాక్‌బోర్డులు రెండు.

అట్లాగని ఐరిష్ వాళ్ళంతా మన చుట్టాలని నేననడం లేదు. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబు గవర్నరు ఓడ్వయర్ టిప్పరేరీ ఐరిష్ వాడే. దెబ్బ తిన్నోడు దెబ్బ కొట్టడని ఏమీ లేదు. డబ్లిన్‌లో ట్రావెలర్లని సంచార జనం ఉన్నారు. వాళ్ళు వేరే జాతి అని ప్రభుత్వం గుర్తించింది 2017లో. కానీ వాళ్ళ గురించి అక్కడి జనం మాట్లాడే మాటలు వింటే మా గురించి ఊళ్ళో మాట్లాడే మాటలే. మరోపక్క, అమెరికాలో తమ నేల నుంచి తరిమేయబడ్డ చోక్టా ఆదివాసులు 1847లో 170 డాలర్లు పోగుచేసి, ముఖం చూడని ఐరిష్ జనానికి పంపారు. వాళ్ళ గుర్తుగా కార్క్ దగ్గర మిడిల్టన్‌లో ఉక్కు ఈకల స్థూపం కట్టారు. చుట్టరికం రక్తంలో ఉండదు, ఇట్లాంటి చోట ఉంటుంది.

ఇక నా అర మార్కు బిట్టు దగ్గరికొస్తాను. 1937 ఐరిష్ రాజ్యాంగం 45వ అధికరణంలో సామాజిక ఆదేశాలు రాసుకున్నారు. ఏ కోర్టూ వీటి జోలికి రాకూడదని కూడా అందులోనే రాసుకున్నారు. మనమూ అట్లాగే తెచ్చుకున్నాం. ప్రజల పోషణ స్థాయి పెంచడం రాజ్యం విధి అని మన 47వ అధికరణం చెప్తుంది. ఇవి కోర్టుల్లో అమలు కావని 37వ అధికరణం చెప్తుంది. ఆకలికి రాజ్యాంగంలో చోటుంది, కోర్టులో బోను లేదు. బాబాసాహెబ్ దీనికి జవాబు చెప్పాడు. కోర్టులో కాకపోయినా ఎన్నికల్లో జనం ముందు జవాబు చెప్పుకోవాలన్నాడు. నేను ఫారెల్ బొమ్మ ముందు నిలబడి ఆ కోర్టులో ఒక మనిషిని ఊహించుకున్నాను. నీలం కోటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు. ఆ సాక్షులకు వకీలు మా గేరి మొగదాల ఉన్నాడు గదా అనుకున్నాను.

ఆకలి కోర్టుకెక్కడానికి మన దేశంలో 2001 దాకా పట్టింది. ఆ నవంబర్ 28న బడి పిల్లలకు వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. వంటవాళ్ళను పెట్టుకోవడంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో చెప్పింది. నేను మొదట పనిచేసిన బడిలో వంటమ్మ మా కులపామె. ఊరి పిల్లలు కొందరు ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్లు తెచ్చుకునేవాళ్ళు. అడిగితే "మాకు బడి అన్నం పడదు టీచర్" అనేవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకు అన్నం ఎందుకు పడదో నాకు తెలుసు. వంటమ్మకూ తెలుసు. ఆమె మాత్రం రోజూ వాళ్ళకూ కలిపే బియ్యం పోసేది. ఏ రోజైనా తింటారేమోనని.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. చెప్పకుంటే పైనదంతా పాఠం అవుతుంది.

తమ్ముడితో పాటు ఇంకో నలుగురు తెలుగు పిల్లలు ఉండేవాళ్ళు. మంచి పిల్లలే. అక్కా అక్కా అని నా చేతి వంట మెచ్చుకుని తిన్నారు. వచ్చిన రోజే తమ్ముడు నా చెవిలో చెప్పాడు, "మనోళ్ళ సంగతి ఇక్కడ ఎత్తొద్దక్కా" అని. నేను తెచ్చిన అంబేద్కరు ఫోటో వాడి పెట్టెలోనే, బట్టల కింద ఉంది. ఆ రాత్రి అన్నం కాడ కోటలో ఏం చూశావక్కా అని ఒక పిల్లవాడు అడిగాడు. చెప్పాను. 'గోర్తా' బొమ్మ చెప్పాను. బోనులో దొరను చెప్పాను. మాటల్లో ముసలవ్వ వచ్చింది. కట్ట వచ్చింది. ఆ పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, మామూలుగా, వాన పడుతోందా అన్నట్టు అడిగాడు.

"ఇంతకీ మీరెవుర్లక్కా?"

తమ్ముడు నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఊళ్ళో హోటల్లో మా గ్లాసు వేరే ఉండే రోజుల్లో నాయన అట్లాగే చూసేవాడు. అబద్ధం చెప్పడం తేలిక. కానీ పొద్దున్నే ఆ గుంటలోంచి లేచి వస్తున్న సాక్షుల్ని చూసి వచ్చాను. సాయంత్రానికి ముసలవ్వను మళ్ళీ పూడ్చిపెట్టలేకపోయాను.

"మాదిగోల్లం నాయనా" అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ లేచి పోలేదు. ఒకతను చారు అడిగి వేసుకున్నాడు. టీవీ శబ్దం పెరిగింది. మర్నాటి నుంచి నా వంట మెచ్చుకోవడం ఆగిపోయింది. బయట తిని వచ్చామక్కా అనేవాళ్ళు. మా బడిలో టిఫిన్ క్యారియర్లు నాకు డబ్లిన్‌లో కనబడ్డాయి.

తమ్ముడు నన్ను బయటికి తీసుకుపోయి అన్నాడు. "నీకేమక్కా, ఇంకో వారముండి పోతావు. ఇక్కడ బతకాల్సింది నేను. రూము, రిఫరెన్సు, ఉద్యోగం, అన్నీ వీళ్ళతోనే. నీ బొమ్మల కోసం నా బతుకు తవ్వినావు." వాడి కళ్ళల్లో నీళ్ళు. వాడన్నదాంట్లో తప్పేముంది? నిజం చెప్పిన గర్వం నాది, దాని ఖరీదు వాడిది. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. నేను వచ్చేసిన రెండు నెలలకు వాడు వేరే రూముకు మారాడు. బాడిగ ఎక్కువ, ఆఫీసుకు దూరం. చాలా రోజులు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడాడు.

2022లో వాడు ఇంటికొచ్చాడు. మూడో రోజు పొద్దున్నే "అక్కా, కట్ట దగ్గరికి పోదామా" అన్నాడు. నేనడగలేదు, వాడే అన్నాడు. పోయాం. చెరువులో నీళ్ళు లేవు, సర్కారు తుమ్మ మొలిచింది. కట్ట మాత్రం గట్టిగా ఉంది. అవతల మా అమ్మ ఈడు ఆడోళ్ళు ఉపాధి హామీ పని చేస్తున్నారు. మన్ను తట్టలు ఎత్తి అదే కట్ట మీద పోస్తున్నారు. ఫోటో తీయను ఫీల్డ్ అసిస్టెంటు వాళ్ళను వరసగా నిలబెడుతున్నాడు.

తమ్ముడు కట్ట మీద కొంత దూరం నడిచి ఆగాడు.

"అవ్వ చెప్పిన పిల్ల ఏ జాగాలో అక్కా?"

అవ్వ పోయి అప్పటికి పదమూడేళ్ళు. ఏ జాగా అని మేం ఎప్పుడూ అడగలేదు. ఆమెకూ తెలుసని నమ్మకం లేదు. కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు అర మైలుంటుంది.

"తెలీదురా" అన్నాను.

వాడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. ఆ కొసదాకా అట్లాగే నడిచాడు. నేనూ విడిచాను.